స్వతంత్ర పత్రికలు, మన ఓటు: బెజవాడ, గుంటూరు పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికా డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మొదట గుంటూరులో జిల్లా పేజీలు చూశాను, తర్వాత విజయవాడ వచ్చాను. ఉద్యోగం మానేశాక ఆదివారాల్లో కాలేజీ పిల్లలతో, పొద్దున్నే వాకింగ్‌కు వచ్చే పెద్దవాళ్లతో కూర్చుని పేపర్ ఎలా చదవాలో మాట్లాడుకుంటున్నాం. అక్కడ పదే పదే వచ్చే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు పెద్దదైంది, కొన్నిటికి రెండు ముక్కల్లో సరిపోయింది.

స్వతంత్ర పత్రిక అంటే ఏమిటి? ప్రభుత్వానిది కాకపోతే చాలదా?

చాలదు. ప్రభుత్వానిది కాని పత్రికకు కూడా యజమాని ఉంటాడు. ఆయనకు వేరే వ్యాపారాలు ఉండొచ్చు, ఒక పార్టీ మీద అభిమానం ఉండొచ్చు. ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లలో ఎవరి ఫోన్ వస్తే వార్త ఆగిపోతుందో ఆ పత్రిక వాళ్ల చేతిలో ఉన్నట్టే.

నేను పెట్టుకున్న కొలత ఒకటే. తనకు డబ్బిచ్చేవాళ్లకు, తాను అభిమానించే నాయకుడికి ఇబ్బంది కలిగే వార్తను ఆ పత్రిక వేసిందా? వేస్తే ఏ పేజీలో వేసింది? పత్రికకు అభిప్రాయం ఉండడం తప్పు కాదు, సంపాదకీయం ఉన్నదే అందుకు. ఆ అభిప్రాయం వార్తలోకి దిగి, జరిగినదాన్ని జరగనట్టు చేసినప్పుడే చిక్కు.

ఐదేళ్లకోసారి ఓటు వేస్తున్నాం. మధ్యలో పత్రికలు లేకపోతే ప్రజాస్వామ్యానికి ఏం నష్టం?

ఓటు వేసే రోజుకు మనకు ఏం తెలిసి ఉంటుందన్నదే అసలు సంగతి. మన వీధిలో జరిగింది మనకు తెలుస్తుంది. పక్క వార్డులో, పక్క జిల్లాలో, సచివాలయంలో జరిగింది ఎవరో ఒకరు వెళ్లి చూసి, అడిగి, రాస్తేనే తెలుస్తుంది.

2024 సెప్టెంబరు 1 నాటి బుడమేరు వరద గుర్తుందా? ఆ వాగును బెజవాడ దుఃఖదాయిని అని ఊరికే అనలేదు. సింగ్ నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మెయిన్ రోడ్డు దాకా పడవలు వచ్చాయి, ఆహారం పొట్లాలు వచ్చాయి. లోపలి సందుల్లో మేడల మీద ఉన్నవాళ్లకు మాత్రం తాగడానికి మంచినీళ్లు కూడా అందలేదు. నడుములోతు నీళ్లలో ఆ సందుల దాకా వెళ్లిన కెమెరాలు, విలేకరులు ఆ మాట బయటికి చెప్పారు. సహాయం సరిపోతోందని పైనుంచి చెప్పే లెక్కకీ, లోపలి వీధిలో కనిపించేదానికీ తేడా అలా తెలిసింది.

తర్వాత పరిహారం వచ్చింది. కింది అంతస్తు మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులో ఉన్నవాళ్లకు 10,000 అన్నారు. జాబితాలో పేర్లు రానివాళ్లు కలెక్టరేట్ దగ్గర బారులు తీరారు. ఆ బారుల గురించి జిల్లా పేజీల్లో రోజూ వచ్చింది. నాకు ఇదే ప్రజాస్వామ్యం. ఓటు పెట్టె దగ్గర ఒక్క రోజు, పేపర్ దగ్గర మిగతా రోజులన్నీ.

ఇదే మాటను ఆర్థికవేత్త అమర్త్యసేన్ చాలా పెద్ద విషయంలో చెప్పారు. ఎన్నికలు, ఓ మోస్తరు స్వేచ్ఛ ఉన్న పత్రికలు ఉన్న స్వతంత్ర దేశంలో పెద్ద కరువు చావులు సంభవించలేదని ఆయన వాదన. 1943లో బెంగాల్లో లక్షలమంది ఆకలితో చనిపోతున్నా పాలకులు దాన్ని కరువుగా ప్రకటించలేదు. ఆ ఆగస్టులో కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక, ఇయాన్ స్టీఫెన్స్ సంపాదకుడిగా, వీధుల్లో ఆకలితో పడి ఉన్నవాళ్ల ఫోటోలు అచ్చు వేశాక గానీ ఆ మాట లండన్ దాకా గట్టిగా వినపడలేదు.

రాజ్యాంగంలో పత్రికా స్వేచ్ఛ అని ఎక్కడ రాసి ఉంది?

ఆ పేరుతో ఎక్కడా లేదు. 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యంలోనే అది ఉంది. పత్రికకు విడిగా హక్కు అక్కర్లేదు, సంపాదకుడు కూడా పౌరుడే కదా అని రాజ్యాంగ సభలో అంబేడ్కర్ వివరించారు. నాకు ఈ ఏర్పాటు నచ్చుతుంది. విలేకరికి ఉన్న హక్కు మీకూ ఉంది, మీకు లేనిది ఆయనకూ లేదు. 19(2)లో పరిమితులు ఉన్నాయి: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువు నష్టం, కోర్టు ధిక్కారం వగైరా.

మొదటి పెద్ద పరీక్ష 1950లోనే వచ్చింది. క్రాస్ రోడ్స్ అనే వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. అప్పటికి బెజవాడ, గుంటూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనివే. అంటే ఆ పత్రిక మన తాతల చేతికి కూడా అందకుండా ఆపారన్నమాట. రమేశ్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే మొదటి రాజ్యాంగ సవరణ చేసి పరిమితుల్లో శాంతిభద్రతలను చేర్చారు. 1962లో సకాల్ పేపర్స్ కేసులో ఏ ధరకు ఎన్ని పేజీలు ఇవ్వాలో ప్రభుత్వం నిర్ణయించకూడదన్నారు. 2023 ఏప్రిల్లో మలయాళం చానల్ మీడియావన్ కేసులో, ప్రభుత్వాన్ని విమర్శించినంత మాత్రాన దేశానికి వ్యతిరేకం అయిపోదని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

ఈ చరిత్రలో మన ప్రాంతానికి చోటుందా?

చాలా ఉంది. పిల్లలకు ఇది ఎవరూ చెప్పడం లేదనే నా బాధ.

1902లో బందరులో కృష్ణా పత్రిక మొదలైంది. దాన్ని పెట్టినవాళ్లలో, తర్వాత గుంటూరులో స్థిరపడి దేశభక్తగా పేరు తెచ్చుకున్న కొండా వెంకటప్పయ్య ఒకరు. 1907 నుంచి 1945లో కన్నుమూసే దాకా ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకుడు. అన్నేళ్లు ఒకే కుర్చీలో కూర్చుని, పరాయి పాలనలో, తెలుగువాళ్లకు రాజకీయం నేర్పిన మనిషి ఆయన.

1908లో బెజవాడ నుంచి స్వరాజ్య అనే వారపత్రిక వచ్చేది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు దాని సంపాదకుడు. తిరునెల్వేలిలో జనం మీద జరిగిన కాల్పులను ఖండిస్తూ అందులో వచ్చిన వ్యాసానికి ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టారు. మూడేళ్లు కఠిన శిక్ష పడింది. ఒక వ్యాసానికి మూడేళ్లు! బీసెంట్ రోడ్డులో షాపింగ్ చేసే పిల్లల్ని అడగండి, ఆ పేరు ఎంతమందికి తెలుసో.

స్వాతంత్ర్యం వచ్చాక బెజవాడ తెలుగు పత్రికలకు రాజధాని లాంటిదైంది. 1952లో విశాలాంధ్ర, 1960 జులైలో నార్ల వెంకటేశ్వరరావు సంపాదకుడిగా ఆంధ్రజ్యోతి, 1981లో ప్రజాశక్తి దినపత్రిక ఇక్కడినుంచే మొదలయ్యాయి.

ఎమర్జెన్సీలో పత్రికలకు ఏం జరిగింది?

1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు. ఆ వెంటనే, అచ్చుకు ముందే వార్తలు అధికారులకు చూపించాలన్నారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్ జూన్ 28న సంపాదకీయం ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలి నిరసన తెలిపింది. చాలా పత్రికలు మాత్రం అడగకుండానే లొంగిపోయాయి. పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్‌నే రద్దు చేశారు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తేశారు.

ఇప్పుడు సెన్సార్ లేదు కదా. మరి ఒత్తిడి ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగు వైపుల నుంచి. మొదటిది ప్రకటనలు. పేపర్ ధర అచ్చు ఖర్చుకు కూడా సరిపోదు. మిగతాది ప్రకటనలు మోయాలి. ప్రభుత్వమే పెద్ద ప్రకటనదారు కాబట్టి ఎవరికి ఎంత ఇవ్వాలన్నది చేతిలో ఉన్న కళ్లెం.

రెండోది కేసులు. నిరాధార వార్తల మీద కేసులు పెట్టడానికి మన దగ్గర 2007లో జీవో 938 వచ్చింది. 2019 అక్టోబరులో జీవో 2430 వచ్చి, ఆ అధికారాన్ని శాఖల కార్యదర్శుల దాకా తెచ్చింది. వేర్వేరు ముఖ్యమంత్రులు, ఆలోచన ఒకటే. పరువు నష్టం ఇప్పటికీ క్రిమినల్ నేరమే. సుప్రీంకోర్టు 2016లో దాన్ని నిలబెట్టింది. కేసు గెలవాల్సిన అవసరం కూడా లేదు, మండల విలేకరిని నాలుగేళ్లు వాయిదాలకు తిప్పితే చాలు.

మూడోది కేబుల్ వైరు. 2019లో ప్రభుత్వం మారాక రాష్ట్రంలో చాలా చోట్ల టీవీ5, ఏబీఎన్ రావడం ఆగిపోయింది. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారాక టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి టీవీ ఆగిపోయాయి. రెండుసార్లూ కోర్టుల దాకా, ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. మొదటిసారి సంతోషపడినవాళ్లు రెండోసారి బాధపడ్డారు, మొదటిసారి బాధపడినవాళ్లు రెండోసారి ఊరుకున్నారు. ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెడుతుంది. మనకు నచ్చని చానల్ ఆగినప్పుడు నోరు మెదపకపోతే, మనకు నచ్చేది ఆగినప్పుడు అడిగే నైతిక బలం ఉండదు.

నాలుగోది గురించి కింద విడిగా చెబుతాను.

మా మండల విలేకరికి జీతం బాగానే వస్తుంది కదా?

చాలామంది ఇలాగే అనుకుంటారు. మండలాల్లో ఉండేది ఎక్కువగా కంట్రిబ్యూటర్లు. వాళ్లకు నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి, లైన్ అకౌంట్ కట్టి ఇచ్చే డబ్బు పెట్రోలుకు సరిపోతే గొప్ప. దానికి తోడు ప్రకటనల టార్గెట్ ఉంటుంది. సంక్రాంతికి, పత్రిక వార్షికోత్సవానికి, నాయకుల పుట్టినరోజులకు ఇన్ని వేలు తేవాలి. ఎవరి దగ్గర తేవాలి? రైస్ మిల్లు యజమాని, ప్రైవేటు ఆసుపత్రి, సర్పంచ్, కాంట్రాక్టరు. ఎవరి మీద వార్త రాయాలో వాళ్ల గుమ్మంలోనే ప్రకటన కోసం నిలబడాలి. ఇదే నాలుగో ఒత్తిడి.

గుంటూరులో ఉన్నప్పుడు జరిగింది చెబుతాను. ఒక కంట్రిబ్యూటర్, చాలా నిదానస్తుడు, ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో ఇరవైమందికి పైగా పిల్లలకు కామెర్లు వచ్చాయని వార్త తెచ్చాడు. డాక్టర్ చీటీలు ఉన్నాయి, తల్లిదండ్రుల మాటలు ఉన్నాయి, ట్యాంకు ఫోటో ఉంది. పేజీలో నాలుగు కాలమ్‌లలో పెట్టాను. రాత్రి పది గంటలకు ప్రకటనల విభాగం నుంచి ఫోన్. ఆదివారం ఆ కాలేజీ ఫుల్ పేజీ ప్రకటన ఉందట. పేజీ వదిలే టైముకు ఆ వార్త ఒక కాలమ్‌కు కుదించుకుపోయింది. శీర్షిక 'హాస్టల్లో వైద్య శిబిరం'. ఆ శీర్షిక పెట్టింది నేనే. నాకు ఉద్యోగం పోతుందన్న టెన్షన్ ఉంది, ఇంట్లో చదువుకునే పిల్లలు ఉన్నారు. అయినా అది తప్పే. ఆ కంట్రిబ్యూటర్ ఆరు నెలల్లో పని మానేసి మందుల షాపు పెట్టుకున్నాడు.

అందుకే విలేకరుల స్వతంత్రం గురించి ఎవరైనా ప్రసంగం చేస్తే, ముందు జీతం సంగతి మాట్లాడమంటాను.

ప్రతి పత్రికా ఏదో ఒక పార్టీదే అంటున్నారు. ఇంక దేన్ని నమ్మాలి?

అన్ని సమావేశాల్లోనూ మొదట వచ్చే ప్రశ్న ఇదే. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది, వాళ్లు దాచలేదు. సాక్షి జగన్మోహన్ రెడ్డి కుటుంబం పెట్టింది. ఈనాడు, ఆంధ్రజ్యోతి తెలుగుదేశం వైపని వైసీపీ వాళ్లు ఏళ్ల తరబడి అంటున్నారు. ఇవన్నీ తెలిసీ మనం ఏం చేస్తాం? మన పార్టీకి నచ్చే పేపర్ ఒకటి వేయించుకుని, రెండోదాన్ని తిడతాం. పత్రికలను చెడగొట్టడంలో పాఠకులుగా మన వాటా అది.

నా సలహా ఒకటి. వారానికి ఒక రోజు, ఒకే తేదీ పేపర్లు రెండు, ఒకదానికొకటి పడనివి, పక్కపక్కన పెట్టుకోండి. కొనక్కర్లేదు, ఠాగూర్ గ్రంథాలయంలో కూర్చోవచ్చు. ఒకే సంఘటన వార్తను రెండింట్లో చదవండి. రెండింట్లోనూ ఉన్న వివరాలు దాదాపు నిజం. ఒకదాంట్లోనే ఉన్నవాటిని పక్కన పెట్టి వారం ఆగండి. ఎవరు చెప్పారో పేరుందా, లేక 'విశ్వసనీయ వర్గాలు' అని వదిలేశారా చూడండి. ఆరోపణ ఎవరి మీద ఉందో వాళ్ల వివరణ తీసుకున్నారా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒకదాంట్లో అసలు లేని వార్త ఏదో గమనించండి. ఒక పత్రిక ఏం రాసిందో చూస్తే దాని అభిప్రాయం తెలుస్తుంది, ఏం రాయలేదో చూస్తే దాని భయం తెలుస్తుంది.

అభిమానం ఉన్న పత్రిక మంచి పని చేయలేదని కూడా అనుకోవద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు, ఆ కబురును ఈనాడు రోజూ మోసి ఊరూరా చేర్చింది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారాను నిషేధించారు. ఉద్యమం ఆ ఆడవాళ్లది. పక్క ఊరి ఆడవాళ్లకు అది తెలియజేసింది పత్రిక.

పెయిడ్ న్యూస్ అంటే ప్రకటనే కదా?

ప్రకటన అయితే ప్రకటన అని తెలుస్తుంది. డబ్బు తీసుకుని దాన్ని వార్తలా వేస్తే పెయిడ్ న్యూస్. చదివేవాడిని మోసం చేయడం, ఎన్నికల ఖర్చు లెక్క ఎగ్గొట్టడం, రెండూ అందులో ఉన్నాయి.

2009 ఎన్నికలప్పుడు మన రాష్ట్రంలో ఇది బాహాటంగా సాగింది. దాన్ని బయటపెట్టింది కూడా జర్నలిస్టులే. జర్నలిస్టుల సంఘం ఏపీయూడబ్ల్యూజే పశ్చిమ గోదావరి జిల్లాలో సర్వే చేసింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో మన తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాసరెడ్డి ఒకరు. గుర్తుపట్టడం తేలికే: ఎన్నికల వారంలో ఒకే పేజీలో ముగ్గురు అభ్యర్థులూ 'భారీ మెజారిటీ ఖాయం' అయితే, ఒకే ఫోటో, ఒకే వాక్యాలు రెండు పేపర్లలో కనిపిస్తే అనుమానించండి. ప్రతి జిల్లాలో ఎన్నికలప్పుడు మీడియా పర్యవేక్షణ కమిటీ ఉంటుంది, ఆ వార్తలు కత్తిరించి అక్కడ ఇవ్వండి.

వాట్సాప్, యూట్యూబ్ ఉండగా పేపర్ ఎందుకు?

యూట్యూబ్‌లో మంచి పని చేస్తున్న విలేకరులు ఉన్నారు, వాళ్లను తక్కువ చేయను. కాగితమా, ఫోనా అన్నది కాదు నా పట్టింపు. చెప్పినదానికి జవాబుదారీ ఎవరు అన్నదే. పేపర్ చివరి పేజీ అడుగున ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడు అని పేర్లు ఉంటాయి. తప్పయితే ఆ పేరు మీద నోటీసు పంపొచ్చు. బుడమేరు వరదప్పుడు కట్ట మళ్లీ తెగిందని ఫోన్లలో పుకారు తిరిగింది. అది మొదట ఎవరు పంపారు? ఎవరిని అడగాలి? పసిపిల్లలతో ఉన్న తల్లులు ఆ మాటకు మళ్లీ మేడలెక్కి కూర్చున్నారు.

పత్రికలో మా గురించి తప్పు వస్తే ఏం చేయాలి?

ముందు సంపాదకుడికి రాతపూర్వకంగా పంపండి, నకలు ఉంచుకోండి. స్పందన లేకపోతే ఢిల్లీలోని ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు చేయాలి. 1978 చట్టం కింద కౌన్సిల్ హెచ్చరించగలదు, తప్పుపట్టగలదు, జరిమానా వేయలేదు. టీవీ చానళ్లు దాని పరిధిలో లేవు.

మా డెస్కులోనే ఒకసారి దొంగతనం కేసు వార్తలో, నిందితుడి ఊరికి బదులు అదే పేరున్న మరొకాయన ఊరు పడింది. సవరణ మూడో రోజు లోపలి పేజీలో అంగుళం మేర వేశాం. అప్పటికే ఆయన ఇల్లు కదలడం మానేశారు. తప్పు ఏ పేజీలో వస్తే సవరణ అదే పేజీలో రావాలని అడగండి. గట్టిగా అడగండి.

విలేకరుల మీద దాడులు జరిగితే మాకేంటి?

1985లో ఎన్‌కౌంటర్ పత్రిక సంపాదకుడు పింగళి దశరథరామ్‌ను ఈ విజయవాడలోనే చంపేశారు. ఆయన భాష నచ్చనివాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. నచ్చని భాషకు జవాబు రాతతోనో, కోర్టులోనో ఇవ్వాలి, కత్తితో కాదు. ఒక్కరిని చంపితే పదిమంది రాయడం మానేస్తారు, ఆ పదిమంది రాయని వార్తలు మనవే. మహారాష్ట్ర 2017లో, ఛత్తీస్‌గఢ్ 2023లో విలేకరుల రక్షణకు చట్టాలు చేశాయి.

ప్రపంచంలో మన దేశం ఎక్కడుంది?

రిపోర్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే పత్రికా స్వేచ్ఛ సూచీలో 180 దేశాల్లో 2023లో 161, 2024లో 159, 2025లో 151. లెక్కగట్టే పద్ధతి మీద వాదనలు ఉన్నాయి. నాకు ఆ అంకె కన్నా మా మండల కంట్రిబ్యూటర్ లైన్ అకౌంటే ఎక్కువ చెబుతుంది.

మామూలు జనం మేం ఏం చేయగలం?

చదివే దానికి డబ్బు కట్టండి. ఉచితంగా వచ్చే వార్తకు ఇంకెవరో కడుతున్నారు. మార్చి మొదట్లో పత్రికలు యాజమాన్య వివరాలతో ఒక ప్రకటన వేస్తాయి, అది చదవండి.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి మన చేతిలో ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ కాలవ పూడికకు ఎంత బిల్లు అయిందో మీరే అడిగి, ఆ కాగితం విలేకరికి ఇవ్వండి. చేతిలో కాగితం ఉంటే ఆయన వార్తను ఆపడం డెస్కుకూ కష్టమే, నాకు తెలుసు. 2023 డేటా రక్షణ చట్టం ఈ హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. వ్యక్తిగత సమాచారం అన్న పేరుతో నిరాకరించడం తేలికైంది. దీని మీద జర్నలిస్టు సంఘాలు అభ్యంతరం చెబుతున్నాయి, మీరూ ఎంపీని అడగొచ్చు.

మా అబ్బాయి జర్నలిజం చదువుతానంటున్నాడు. పంపమంటారా?

పంపండి. జీతం సంగతి దాచకుండా చెప్పి పంపండి. చేరే ముందు ఒక పని చేయించండి. ఏదైనా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటుకు పంపి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోమనండి. ఎవరు ఎంత దూరం నుంచి వచ్చారు, ఎన్నోసారి వచ్చారు, ఏం జవాబు విన్నారు అని ముగ్గురిని అడగమనండి. రాత్రి ఇంటికొచ్చి ఒక పేజీ రాసుకోమనండి. మర్నాడు నాలుగు పేపర్లు కొని, ఆ ముగ్గురి మాట ఎందులోనైనా ఉందేమో వెతకమనండి. లేకపోతే ఆ పేజీ నాకు పంపించమనండి, కూర్చుని దిద్దుతాను.